యాభై తొమ్మిదో పేరు

రెడ్‌మండ్,
మే 3

ప్రియమైన రేణూ,

మీ అవని గ్రాడ్యుయేషన్ పార్టీ పిలుపు అందింది. కవరు మీద 'సుధ ఆంటీ' అని దాని గుండ్రటి రాత చూసి, ఇంట్లోకి వెళ్ళేదాకా ఆగలేక మెయిల్‌బాక్స్ దగ్గరే చింపాను. నువ్వు నాతో మాట్లాడి మూడేళ్ళయింది. ఏటా దీపావళికి నేను పంపిన కార్డులకు జవాబు లేదు. నీ ఫోన్‌లో నా నంబర్ బ్లాక్ చేసి ఉందని తెలుసు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నేను పిస్కాటవేలో ఉన్నప్పుడు మన రెండు తలుపుల మధ్య నాలుగడుగులు. నువ్వు పోపు పెడితే నేను తుమ్మేదాన్ని. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కుతానని అనుకోలేదు. జూన్ ఇరవైకి టికెట్ బుక్ చేసేశాను.

నువ్వు జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నావని పిలుపు అడుగున అవని రాసింది. మన ఊళ్ళో బోటనీ పాఠాలు చెప్పిన టీచరమ్మకి ఇదేం సరదా? ఏదైనా కొరుకుడు పడకపోతే నాకు రాయి. పదేళ్ళుగా ఆ పని మీదే బతుకుతున్నాను.

ఎప్పటికీ నీ
సుధ

---

పిస్కాటవే,
మే 10

సుధకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

సరదా కాదు. ఇన్నేళ్ళూ డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు వర్క్ పర్మిట్ వచ్చింది, కమ్యూనిటీ కాలేజీలో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే, ముందు బెంచీలో కూర్చునేదాన్నీ నేనే.

ఇప్పుడు అరేలిస్ట్ చెబుతున్నారు. మాటల జాబితా. ఎన్ని మాటలు పడతాయో ముందే చెప్పక్కర్లేదట. చేర్చినకొద్దీ పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. చేర్చడం బాగానే వచ్చింది. తీసేయడం దగ్గరే తేడా కొట్టింది. నా ప్రోగ్రామ్‌ని చేత్తో రాసి పంపుతున్నాను. అరవై కూరగాయల పేర్లు పెట్టాను. వాటిలో దొండకాయ, కాకరకాయ మాకు వద్దు. మొదటి నుంచి ఒక్కొక్క పేరే చూసుకుంటూ వెళ్ళి, వద్దన్నది కనిపిస్తే తీసేయమన్నాను. యాభై ఎనిమిది మిగలాలి కదా. యాభై తొమ్మిది మిగిలాయి. దొండకాయ పోయింది, దాని పక్కనున్న కాకరకాయ అలాగే కూర్చుంది.

అవనిని అడిగితే "అమ్మా, ఇట్స్ సో ఈజీ" అంటుంది, ఎలాగో చెప్పదు. శ్యామ్ ఫార్మా మనిషి, ఆయన్ని అడిగి లాభం లేదు. శుక్రవారం క్విజ్ ఉంది.

ఉంటాను,
రేణు

---

రెడ్‌మండ్,
మే 15

ప్రియమైన రేణూ,

ఇది అందేసరికి నీ క్విజ్ అయిపోతుంది. అయినా చెబుతాను.

బంతి భోజనాల్లో ఒకడు మధ్యలో లేచి వెళ్ళాడనుకో. వెనకవాళ్ళందరూ తలొక చోటూ ముందుకు జరుగుతారు. వడ్డించేవాడు మాత్రం తన లెక్క ప్రకారం తర్వాతి ఆకు దగ్గరికి వెళ్ళిపోతాడు. ఖాళీ అయిన చోటులోకి జరిగినవాణ్ణి చూడనే చూడడు. నీ దొండకాయ పోగానే కాకరకాయ ఆ చోటులోకి జరిగింది. నీ ప్రోగ్రామ్ దాన్ని దాటేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో సగం మంది చేసే పొరపాటే ఇది. నేనూ చేశాను. చివరి నుంచి మొదటికి చూసుకుంటూ రా, రెండూ పోతాయి.

పాఠం అయింది. ఇప్పుడొక మాట. నువ్వు కాగితం మీద ఐదు కూరగాయలు రాసి తర్వాత చుక్కలు పెట్టావు. అరవై రకాల కూరగాయలు ఏ షాపులో దొరుకుతాయి రేణూ? ఓక్ ట్రీ రోడ్డు మీది ఇండియన్ షాపులన్నీ తిరిగినా దొరకవు. నీ ఉత్తరంలో పార్టీకి రమ్మని ఒక్క మాట లేదు. అది పిలవాల్సినవాళ్ళ జాబితా, కాకరకాయను నేను. అవునా?

దొండకాయ ఎవరో కూడా తెలుసు. జయంతి. నేను రెడ్‌మండ్ వెళ్ళిపోతున్నానని ఐసెలిన్‌లో ఇండియన్ షాపులో రవ్వ ప్యాకెట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డ నీకు చెప్పింది ఆవిడే కదా. నేను చెప్పాల్సిన మాట ఆవిడ నోట విన్నావని ఆవిడ మీదా నీకు కోపం. ఎందుకు చెప్పలేదో ఇప్పుడైనా చెప్పనీ. అప్పటికి నా ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. రోజూ నీ వంటింట్లో కూర్చుని చెబుదామనుకునేదాన్ని. నోరు తెరిస్తే ఏడుస్తానని భయం వేసేది. యాభై ఏడో రోజున ఇక్కడ ఆఫర్ వచ్చింది. రెండు రోజుల్లో సామాను కట్టేశాను. జయంతి తమ్ముడు ఇదే కంపెనీలో ఉన్నాడు కాబట్టి ఆవిడకు ముందే తెలిసింది. తప్పు నాదే రేణూ.

పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదు. టికెట్ కాన్సిల్ చేసుకోవడానికి నెలాఖరు దాకా టైముంది. అవనికి నా ఆశీస్సులు చెప్పు.

నీ
సుధ

---

పిస్కాటవే,
మే 20

ప్రియమైన సుధా,

క్విజ్‌లో ఆ ప్రశ్నే వచ్చింది. తప్పు రాశాను. నీ ఉత్తరం శనివారం వచ్చింది. సంతోషమా?

అవును, కాకరకాయవు నువ్వే. తీసేయడం ప్రాక్టీస్ చేయాలంటే తీసేయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. క్లాసులో అందరూ పండ్ల పేర్లు పెట్టారు. నేను మా పార్టీ లిస్ట్ పెట్టి, మీ ఇద్దరినీ పక్కపక్కనే చేర్చాను. టైప్ చేస్తుంటే ఒళ్ళు మండింది. వచ్చిన లిస్ట్ ప్రింట్ తీసి, చూసుకోకుండా అవని చేతిలో పెట్టాను. నువ్వు పంపిన కార్డుల మీద చూసి నీ అడ్రస్ అదే రాసింది. కార్డులు నా బీరువాలోనే ఉన్నాయి, మూడూ. పారేయలేదు.

నువ్వు చెప్పినట్టు చివరి నుంచి మొదటికి నడిపించాను. యాభై ఎనిమిది వచ్చింది. ప్రోగ్రామ్ సరిగ్గా పని చేసింది. నేను మాత్రం నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అన్ని రోజులు నా వంటింట్లో ఉప్మా తింటూ కూర్చున్నావు. నీ మొహం చూసి నేను ఒక్కసారి కూడా 'ఏమైందే' అని అడగలేదు. చెప్పలేదని మూడేళ్ళు నీ మీద అలిగాను. అడగనిది నేనని ఒక్క రోజూ తట్టలేదు. చాలా ఏడ్చాను సుధా.

తర్వాత ఇంకో లైన్ రాశాను. చేర్చమంటే పేరు చివర్లో చేరుతుంది, అది నాకు నచ్చలేదు. కావాలంటే ఏ స్థానంలో చేర్చాలో కూడా చెప్పొచ్చని పుస్తకంలో ఉంది. జావాలో లెక్క సున్నా నుంచి మొదలు, సున్నా అంటే అందరికంటే ముందు. నీ పేరు అక్కడ పెట్టాను. ఇప్పుడు మళ్ళీ యాభై తొమ్మిది.

జయంతి సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను, తొందరపెట్టకు.

నీ నంబర్ బ్లాక్ తీసేశాను. కానీ ఫోన్ చేయకు. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, అది ఎదురుగా కూర్చోబెట్టుకునే తిడతాను. టికెట్ జోలికి పోకు. దీనితోపాటు ఇంకో పిలుపు పెడుతున్నాను. ఈసారి కవరు అవనికి ఇవ్వలేదు. దాని మీద నీ పేరు ఎవరు రాశారో చూసుకో.

నీ
రేణు