టెస్టుకి ముందు పది రౌండ్లు

జూలై 8, మంగళవారం

నా పీటీ పీరియడ్‌ని మ్యాథ్స్ రామబ్రహ్మం మళ్ళీ లాగేసుకున్నాడు. స్కూల్ తెరిచాక ఇది నాలుగోసారి. గెంతులేస్తే లెక్కలొస్తాయా అండీ అని ఐదో క్లాసు సి సెక్షన్ ముందే నవ్వాడు. పిల్లలూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ జయలక్ష్మి మేడమ్ పిలిచింది. పేరెంట్స్ అంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మార్కులే అడుగుతారట. దసరా తర్వాత పీటీ పోస్టు తీసేసి, ఆ పీరియడ్లు కూడా మ్యాథ్స్‌కే ఇస్తుందట. అంటే నా ఉద్యోగం పోయినట్టే.

వాడి సంగతి చూస్తాను.

జూలై 9

సి సెక్షన్‌లో దాదాపు అందరూ చందానగర్ బస్సులో ఏడున్నరకే దిగుతారు. బెల్ ఎనిమిదింపావుకి. ఆ ముప్పావుగంట నాది, గెంతులేస్తే లెక్కలొస్తాయో లేదో వాడికి చూపిస్తాను. మా స్కూల్‌కి గ్రౌండ్ లేదు, టెర్రస్సే గతి. తాళంచెవి ఆయా బుచ్చమ్మ దగ్గరుంటుంది. జర పైలం బిడ్డా, మేడమ్ చూస్తే నా నౌకరీ పోతది అంటూనే ఇచ్చింది.

జూలై 21

రోజూ పది రౌండ్లు, తర్వాత స్కిప్పింగ్. పిల్లలకి ఆట. నాకు పగ.

ఆగస్టు 4

సి సెక్షన్ రసజ్ఞ పది నిమిషాలు బెంచీ మీద కుదురుగా కూర్చునేది కాదు. ఇవాళ భిన్నాల లెక్కలు పేజీ మొత్తం అయ్యాకే తలెత్తిందని క్లాస్ టీచర్ ఆశ్చర్యపోయింది. నేనేం తెలియనట్టు అవునా అన్నాను.

ఆగస్టు 18

మ్యాథ్స్ యూనిట్ టెస్ట్‌లో సి సెక్షన్ యావరేజ్, రామబ్రహ్మం క్లాస్ టీచర్‌గా ఉన్న ఏ సెక్షన్‌ని దాటింది!

కాపీ కొట్టారండీ, గ్యారంటీ అన్నాడు వాడు. నా పిల్లల్ని దొంగలన్నాడు.

ఆగస్టు 20

మేడమ్ తన కళ్ళ ముందే కూర్చోబెట్టి మళ్ళీ టెస్ట్ పెట్టించింది. పొద్దున నేను పన్నెండు రౌండ్లు తిప్పించాను. ఈసారి యావరేజ్ ఇంకా పెరిగింది. బుచ్చమ్మ ఉండబట్టలేక టెర్రస్ సంగతంతా మేడమ్‌కి చెప్పేసింది.

ఆగస్టు 21

పీటీ పోస్టు ఉంటుందట. రేపట్నించి ఏ సెక్షన్ కూడా పరిగెత్తాలట, వాళ్ళతోపాటు రామబ్రహ్మం కూడా.

నాకిది చాలదు. పిల్లలందరి ముందూ వాడు నీళ్ళు నమలాలి. ఐదు రౌండ్లు తిప్పి, రొప్పుతున్నప్పుడు నోటిలెక్క అడుగుతాను.

ఆగస్టు 22, ఉదయం 8.20

ఐదో రౌండుకి పిట్టగోడ పట్టుకున్నాడు. నలభై ఏడు ఇంటూ అరవై ఎనిమిది ఎంత అన్నాను. మూడువేల నూట తొంభై ఆరు అనేశాడు, రెప్పపాటులో. ఇంత ఫాస్ట్‌గా నాకెప్పుడూ రాలేదండీ, మీరే కరెక్టండీ అని అందరి ముందూ దండం పెట్టాడు.

నేనే గెలిచాను. ఒళ్ళు మండిపోతోంది.