పిలవకుండా వచ్చే బాల్

మే 4
మా ఆవిడ కూతురికి లాక్రోస్ అనే ఆట ప్రాక్టీసుకి తోడు కావాలట. ఇన్నాళ్లూ తోడున్న స్నేహితురాలు వేరే ఊరు వెళ్లిపోయింది. మా ఆవిడకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ. నేనున్నానుగా అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. కర్ర చివర చిన్న వల ఉంటుంది, అందులో బాల్ పట్టుకోవాలి. ఇంతేగా.

మే 5
ఇంతే కాదు.

మే 7
ఒక్కటీ పట్టలేదు. బాల్ వస్తుంటే నేను కర్రతో ఎదురెళ్తున్నాను. అది వలకి తగిలి బయటికి గెంతుతోంది. ఎదురెళ్లకూడదట. కర్రని చెవి పక్కన నిలబెట్టి, బాల్ తగలగానే దాంతోపాటే వెనక్కి లాక్కోవాలట. చేతులు మెత్తగా ఉండాలంది అమ్మాయి. కళ్లజోళ్ల షాపు నడిపేవాడి చేతులు మెత్తగా కాక ఎలా ఉంటాయి?

పైగా బాల్ దగ్గరికి రాగానే కళ్లు మూసేసుకుంటున్నానట. రోజంతా ఊళ్లోవాళ్ల కళ్లు తెరిపించి చూసేవాణ్ణి. సిగ్గేసింది.

మే 11, సాయంత్రం 7
మోచెయ్యి కమిలింది. చెప్పాపెట్టకుండా విసురుతుంది. షూ లేసు కట్టుకుంటుంటే ఒకటి, కళ్లజోడు తుడుచుకుంటుంటే ఇంకొకటి. కావాలనే చేస్తోందా? మా పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. కోపం ఉంటే ఉండొచ్చు. కానీ ఇంటికొచ్చాక ఐస్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయింది. ఏమనుకోవాలో తెలియడం లేదు.

ఈ గొడవ చాలదన్నట్టు మా ఆవిడ పొద్దున ఇంకో సంగతి చెప్పింది. సెలవులయ్యాక మాతోనే ఉంటుందో, అమ్మమ్మ దగ్గరికి వెళ్లిపోతుందో అమ్మాయే తేల్చుకోవాలట. కూతురికి ముందే మాటిచ్చేసిందట. నన్నడిగితే నేనూ సరే అనేవాణ్ణి. అయినా అడగాల్సింది. నాకు ఆ పిల్ల ఇక్కడే ఉండాలనుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. నాతో పట్టుమని పది మాటలు మాట్లాడదు.

మే 12
ఉంటావా, వెళ్తావా అని అమ్మాయినే అడిగేద్దామనుకున్నాను. అడగలేదు.

మే 16
తన గాగుల్స్ స్క్రూ ఊడితే బిగించి, వాళ్ల టీమ్ ఆడే గ్రౌండ్‌కి తీసుకెళ్లి ఇచ్చాను. అక్కడ చేపల బజారులా ఉంది. ఎవరు విసిరినా ముందు అవతలి పిల్ల పేరు పెట్టి అరుస్తోంది. కోచమ్మని అడిగాను. పేరు పిలవకుండా బాల్ వదిలితే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తిస్తానంది. అవతలి మనిషి సిద్ధపడాలి కదా అంది. మా అమ్మాయి అందరికంటే గట్టిగా అరుస్తోంది.

మరి నాకు విసిరేటప్పుడో?

ఇంటికొస్తూ ఆలోచించాను. ఇంతవరకూ నన్ను ఏమనీ పిలవలేదు. నాతో పనుంటే వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నేను టీవీ ముందుంటే వెళ్లి టీవీ కట్టేస్తుంది. అది పొగరనుకున్నాను. ఏమనాలో తెలియకేమో. లేక అననక్కర్లేదనేమో. బుర్ర తిరిగిపోతోంది.

మే 19
ఒకటి పట్టాను. ఎలా పట్టానో తెలియదు. తను నవ్వింది.

ఆ ఊపులో అనేశాను. "విసిరేముందు నన్ను ఏదో ఒకటి పిలువు. ఓయ్ అన్నా సరే."

"ఓయ్ అంటే అమ్మ తిడుతుంది." కర్రలో బాల్ అటూ ఇటూ తిప్పింది. "ఆలోచిస్తున్నానండీ."

దేని గురించి? పిలుపు గురించా, అమ్మమ్మ ఇంటి గురించా? అడిగేలోపు బాల్ వచ్చేసింది.

మే 27
సెలవులు అయిపోవస్తున్నాయి. మా ఆవిడ అడగట్లేదు. నేను అడగట్లేదు. ఇప్పుడు రెంటికొకటి పడుతున్నాను. పట్టిన ప్రతిసారీ, ఇక నా అవసరం తీరిపోతుందేమోనని భయం. కావాలని వదిలేద్దామా అని కూడా అనిపించింది. ఈ వయసులో ఇదేం బుద్ధి?

మే 30
బాల్ వీపుకి తగిలింది.

విసిరేముందు "బాబాయ్" అని అరిచింది. ఎవర్ని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను.