ముడిరాయి కోడ్

మాచర్ల, మంగళవారం

పాలిష్ చేసిన నాపరాయికి, మేం సరుకు పంపే దేశంలో సుంకం ఎక్కువ. అందుకే మా ఫ్యాక్టరీ ఓనర్ చెప్పినట్టు నాలుగేళ్లుగా ఎగుమతి కాగితాల్లో పాలిష్ రాయికి కూడా, సుంకం తక్కువుండే ముడిరాయి కోడే వేస్తున్నాను. ఎవరికేం నష్టంలే అనుకున్నాను.

మా పాలిష్ మిషన్ మీద పనిచేసే నాగులు బాబాయి మంచం పట్టాడు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనట. సర్కారు సాయానికి, ఆయన చేసిన పనేమిటో ఫ్యాక్టరీ రాసివ్వాలని ఈరోజు పిన్ని ఆఫీసుకొచ్చింది.

ఓనర్ నా ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా, మేం పంపేదంతా ముడిరాయే. ఈడ పాలిషే లేదు. ఇంక దుమ్మెక్కడిది?"

పిన్ని నావైపు తిరిగింది. "ఏంది నాయనా, మరి మీ బాబాయి ఇన్నేళ్లూ ఏం చేసినట్టు?"

ప్రతి పేజీ కిందా నా సంతకమే. పక్క షెడ్డులో పాలిష్ మిషన్ మోత మా ముగ్గురికీ వినబడుతూనే ఉంది.