కొత్త కారుకి పాత బండి ఆయిలు

కైకలూరు

తమ్ముడు ఏసుకుమార్‌కి,

మేం క్షేమమే గానీ నా మనసు మనసులో లేదు. కొత్తదే, అట్టే తిరగలేదని చెప్పి నువ్వు మాకమ్మిన కారు డిక్కీలో ఆయిలు డబ్బా దొరికింది. బాగా తిరిగిన బళ్ళకు పోసే ఆయిలది. మీ బావ మా పాత చేపల మేత వ్యానుకు పోసేదీ అదే. "తెలియక పోసుంటాడు, కొత్త ఇంజనుకి నష్టమేమీ లేదులే" అని ఆయన నవ్వి, మామూలు ఆయిలు మార్పించారు. ఆదివారం చర్చికెళ్ళి వచ్చేసరికి కారు కింద ఆయిలు మడుగు కట్టింది. మీ బావ కిందకి దూరి చూసి, చేతికంటిన ఆయిలు తుడుచుకుంటూ లేచారు.

"మన వ్యానూ ఇంతే కదా సుగుణా, ఆ ఆయిలు ఉన్నన్నాళ్ళే కారకుండా ఆగుతుంది. ఇది కొత్త బండి కాదు. మీటరు వెనక్కి తిప్పేశారు" అన్నారు.



అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీ అమ్మాయి శాలినిని ఏ కాలేజీలో చేర్చారు? ఈ ఏడు మాకు జీడిపప్పు పంపకు.

నిన్నెవరైనా మోసం చేశారా, నువ్వే మమ్మల్ని చేశావా, ఆ ఒక్క ముక్క చెప్పు. ఫోనెత్తడం మానేశావు కాబట్టి కార్డు రాస్తున్నాను. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

సుగుణక్క

అమ్మా, నువ్వు చదివాక వాడికివ్వు.