వంకర కాలరు

అక్కా,

అన్నం, కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. వేడి చేసుకునే ఓపిక లేకపోతే చల్లగానే తిను, తినడం మాత్రం మానకు. రేడియేషన్ పెట్టిన చోట నర్సమ్మ ఇచ్చిన క్రీము తప్ప ఇంకేమీ రాయకు. సాయంత్రం బావ వచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచి రా. కుట్టుమిషను జోలికి వెళ్ళావో, ఊరుకోను. షాపు నేను చూసుకుంటాను.

ఇంకో మాట. నిన్న నేను కుట్టిన చొక్కా నీకు చూపించాను కదా. కాలరు ఒక పక్కకి లాగేసిందని నాకే తెలుస్తోంది. పని నేర్పినప్పటి నుంచీ "విప్పి మళ్ళీ కుట్టు" తప్ప వేరే మాట అనని దానివి, దాన్ని చూసి "బాగానే ఉందిలే" అన్నావు. ముందు పొంగిపోయాను. సగం మెట్లు దిగాక, తప్పు పట్టే ఓపిక కూడా నీకు లేదని తట్టి అక్కడే ఆగిపోయాను.

"ఇది నిద్రపోయినా తీరని అలసట. ఆవిడ చెప్పరు, మీరే కనిపెట్టాలి" అని నర్సమ్మ ముందే చెప్పింది. నువ్వు మూలుగుతావేమో, మంచం దిగవేమో అని నేను చూస్తూ కూర్చున్నాను. నీ అలసట వచ్చి నన్ను మెచ్చుకుంటుందని కలగన్నానా?

ఇక నా దగ్గర నీ నాటకాలు చెల్లవు. ఓపిక లేకపోతే లేదని చెప్పు. నేనేం పరాయిదాన్నా?

నీ చెల్లి

అన్నట్టు, ఆ చొక్కా నీ కుర్చీ మీదే ఉంది. చొక్కా కుట్టమని ఇచ్చిన ఆయన్ని ఆగమన్నాను. నువ్వు నన్ను తిట్టిన రోజున విప్పుతాను.