పురుడు తీరని భవనం

స్పెషలాఫీసరు గారికి లంక ఊరివాళ్ల తరఫున నమస్కారాలు.

మూతపడిన మా వృద్ధాశ్రమం గురించి తమరు సభ పెట్టేరు. "ఆసుపత్రి చేద్దామా?" అంటే "ఆయ్" అన్నాం. "రొయ్యల పెట్టెలకు గోదాముగా ఇచ్చేద్దామా?" అంటే దానికీ "ఆయ్" అన్నాం. తమది వేరే జిల్లా కదా, తెలియదు. మా వైపు అది ఒప్పుకోవడం కాదండి, వింటున్నామని చెప్పడం. ఇల్లు అంటుకుందని చెప్పినా మా తాత ముందు "ఆయ్" అని, తరువాతే నీళ్లకు పరిగెత్తేవాడు. తమరు మాత్రం రెండో "ఆయ్"నే ఖాయం చేసేరు.

మొన్న గోదావరి పొంగి పడవలు ఆగిపోయేయి. పక్కింటి సత్యదుర్గకు అప్పుడే నొప్పులు. వాళ్లింట్లో మోకాలిలోతు నీళ్లు. వరదకు మా ఊళ్లో చిక్కుకుపోయిన నర్సమ్మ, "గోదాము తాళం తీయించండి తాతగారూ, తక్కింది నేను చూసుకుంటాను" అంది. తాళంచెవి తమ దగ్గరుంది గనక పగలగొట్టించేను. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

నిన్న ఖాళీ చేయించడానికి తమ బంట్రోతు వచ్చేడు. "పదకొండో రోజు స్నానం కాకుండా బాలింత గడప దాటుతుందేంట్రా? మైల, దూరంగా నిలబడు!" అంది సత్యదుర్గ అత్తగారు అచ్చాయమ్మ. అతను అరుగైనా ఎక్కలేదు.

ఆ పదకొండో రోజులోగా మరో ఇద్దరికి నెలలు నిండుతాయి. వాళ్లనీ అక్కడే చేరుస్తాం. వాళ్ల స్నానాలయ్యేసరికి ఇంకొకరు. అంచేత ఆ భవనానికి పురుడు తీరదు. రొయ్యలను బదిలీ చేసి, నర్సమ్మను మాకు ఖాయం చేయండి.

కాదు, స్వయంగా వచ్చి ఖాళీ చేయిస్తానంటే రండి. గుమ్మంలో అచ్చాయమ్మ కూర్చుని ఉంటుంది.

ఇట్లు
తాళం పగలగొట్టించినవాడు