గోడకి అవతల గోదావరి

ధవళేశ్వరం,
జూన్ 18

జానకిరామ్ బావగారికి,

మీరు ప్లాను గీసి కట్టించిన సెల్లారులో ఏటా నీళ్లు ఊరుతున్నాయని, దాన్ని ఇసుకతో పూడ్పించేస్తానన్నాను. ఆ కోపంతో మీరు మా గడప తొక్కి రెండేళ్లయింది. ఫోన్ చేయడానికి మొహం చెల్లక ఉత్తరం రాస్తున్నాను.

మొన్న వేసవిలో ఇసుక దింపిస్తుంటే, పడవలకు తారు పూసే బుల్లియ్య వచ్చాడు. లోపలి గోడలకి నేను మూడుసార్లు చేయించిన సిమెంటు పూత చూసి నవ్వాడు.

"పడవకి తారు లోపల పూత్తామేంటండీ? నీళ్లుండే వైపు కదండీ పుయ్యాలి!"

ఇసుక పని ఆపించి, కాలువలకి నీళ్లు కట్టేశాక ఇంటిచుట్టూ పునాది దాకా తవ్వించి, గోడలు ఆరనిచ్చి, బయటివైపు తారు పూయించాను. మట్టి కప్పబోతే బుల్లియ్య ఆపాడు. "కాలవలు వదలనివ్వండి. నీళ్లెక్కాక చూసి కప్పుదామండి."

నిన్న చూశాం. బయట గోతిలో నా గుండెల దాకా నీళ్లు ఊరాయి. సెల్లారులోకి దిగి గోడమీద చెయ్యి వేశాను. అంత గోదావరీ అవతల ఆనుకుని నిలబడి ఉంది బావగారూ! అరచెయ్యి చల్లబడింది గానీ తడవలేదు.

గొయ్యి ఇంకా కప్పించలేదు. మీరొచ్చి ఆ గోడమీద చెయ్యి వేశాకే కప్పిస్తాను.

మీ బావమరిది